గుమ్మం దగ్గర సంచి

ఫిబ్రవరి 3

చెల్లీ,

మొన్న యూనివర్సిటీ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. జూన్ ముప్పైతో నా ఉద్యోగం సరి. ఆలోపు గది ఖాళీ చేసి తాళాలు అప్పగించాలట. రిటైరవుతానని నాకు తెలియక కాదు. కానీ ఆ కాగితంలో నా గురించి ఒక్క వాక్యం, నా బీరువాల గురించి పదకొండు వాక్యాలు చూసేసరికి ఒళ్ళు మండింది.

మా అటెండరు మంచివాడు. అడక్కుండానే అట్టపెట్టెలు తెచ్చిపెట్టాడు. అలమరలో క్యాసెట్లు చూసి, "ఇవన్నీ ఇప్పుడెవరు వింటారు మేడం?" అన్నాడు. రెండు వందల పన్నెండు క్యాసెట్లు. నేను వయసులో ఉన్నప్పుడు మూడేళ్ళు కొండ మీద పై ఊళ్ళో ఉండి, వాళ్ళ దేవుళ్ళ గురించీ ఆచారాల గురించీ రాసుకున్నప్పుడు రికార్డు చేసినవి. "పెద్దది పెళ్ళి మానేసి కొండ మీద కాపురం పెట్టింది" అని అమ్మ అందరితో చెప్పి నవ్వేది, గుర్తుందా? ఆ గొంతులవాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరు. ఎవరు వింటారో నాకూ తెలియదు. ఏం చెప్పను, "నేనే వింటాలే నాయనా" అన్నాను.

నా పుస్తకం మళ్ళీ అచ్చు వేస్తున్నారు. కొత్త ముందుమాట అడిగారు. ఏనుగు చచ్చినా వెయ్యే అంటారుగా, నేనింకా చావకుండానే ఆ మర్యాద దక్కుతోంది.

అసలు సంగతికి వస్తాను. అసలు సంగతి చెప్పడానికి నాకు ఒక పేజీ డొంకతిరుగుడు కావాలని నీకు తెలుసు. మన కుట్టుకొట్టు పైన, మేడ మీద అమ్మ గది ఖాళీగానే ఉందా? జూలై నుంచి నేనక్కడికి వచ్చేద్దామనుకుంటున్నాను. నీకేమీ భారం కాను. నా వంట నేను చేసుకుంటాను. ఫోను చేసి అడుగుదామనే అనుకున్నాను గానీ, మనిద్దరం ఫోనులో వానా ఎండా దాటి ముందుకు పోయిందెప్పుడు?

మరిదిగారిని అడిగానని చెప్పు.

మీ అక్క


ఫిబ్రవరి 15

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వెలా ఉన్నావని అడగను, ఎలా ఉన్నా బాగున్నాననే రాస్తావు.

గది ఖాళీగా లేదు. గుడ్డ తానులు, జిప్పుల పెట్టెలు, పాత మిషన్లు రెండు, ఎవరో కుట్టించుకుని మళ్ళీ రాని కోట్లు పదిహేను. అందులో ఒక కోటు పెళ్ళికొడుకుది. కొలతలిచ్చినప్పుడు సన్నగా రివటలా ఉన్నాడు. మూడు నెలల తరువాత వచ్చి వేసుకుంటే గుండీలు కలవలేదు. నేనే తప్పు కుట్టానని నా మీదకి లేచాడు. "బాబూ, టేపు అబద్ధం చెప్పదు, బొజ్జ చెప్తుంది" అన్నాను. అలిగి వెళ్ళాడు. కోటు నా నెత్తిన పడింది.

పైగా ఆ మెట్లు నిటారుగా ఉంటాయి. నీ మోకాళ్ళకి పడవు. స్నానాల గది కిందే ఉంది, అన్ని సార్లు దిగాలి. దూరపు కొండలు నునుపు అక్కా. నువ్వు ముప్పై ఏళ్ళుగా ఏడాదికోసారి వచ్చి, రెండు పూటలు కూర్చుని, రైలెక్కిపోయే మనిషివి. ఇక్కడ రోజూ ఉండటం వేరు. పొద్దున ఎనిమిదికల్లా మిషన్ల మోత మొదలవుతుంది.

మీ మరిది "రానీ పాపం" అన్నారు. ఆయనకేం, ఆయన అందరికీ మంచివాడే.

పుస్తకం మళ్ళీ వస్తున్నందుకు సంతోషం.

చెల్లెలు


ఫిబ్రవరి 27

చెల్లీ,

మెట్ల గురించి నువ్వు రాసింది చదివి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. రోజుకి నాలుగుసార్లు ఎక్కి దిగితే మోకాళ్ళకి మంచిదేనన్నాడు. మిషన్ల మోత నాకు లెక్క కాదు. మనిద్దరం ఆ మోతలోనే కదటే పుట్టి పెరిగాం. కోట్లు ఒక మూలకి సర్దితే నాకో మంచం పడితే చాలు.

ఇక్కడ నా ఫ్లాటు సంగతి రాస్తాను. మూడో అంతస్తు. ఎదురింట్లో వాళ్ళు మారి ఏడాదయింది, వాళ్ళ ముఖాలు నాకు తెలియవు. చెప్పులు మాత్రం తెలుసు. శుక్రవారం సాయంత్రం చివరి క్లాసు అయ్యాక, సోమవారం పొద్దున మొదటి క్లాసు దాకా నేను నోరు తెరిచే అవసరం రాదు. మొన్న సోమవారం క్లాసులో "కూర్చోండి" అనబోతే గొంతు పెగల్లేదు. పిల్లలు జలుబనుకున్నారు. నేనూ జలుబేనన్నాను.

నువ్వు నా మీద దేనికో కోపంగా ఉన్నావని తెలుస్తూనే ఉంది. ఆలోచిస్తే ఒకటి తట్టింది. పుస్తకాన్ని నేను అమ్మకి అంకితమివ్వలేదు, పై ఊళ్ళో నన్ను ఉంచుకున్న ఇంటామెకి ఇచ్చాను. అదేనా? ఈసారి మారుద్దామా? చెప్పు.

ఆ పుస్తకంలో మూడో అధ్యాయం నువ్వు చదివావో లేదో. రెండో ఏడాది ఎండాకాలం చివర, ఆ ఇంట్లో ఉన్నట్టుండి అందరూ మాట మానేశారు. పాటల్లేవు, నవ్వుల్లేవు. పిల్లలు కూడా అడుగుల చప్పుడు కాకుండా నడిచారు. ఇంటామె పొద్దున్నే నన్ను కూర్చోబెట్టి తల దువ్వేది. మొదటి గిన్నె నాకే పెట్టేది. నా సంచి సర్ది గుమ్మం దగ్గర పెట్టేది. నేను మళ్ళీ లోపల పెడితే, మర్నాడు మళ్ళీ గుమ్మం దగ్గర ఉండేది. తొమ్మిది రోజులిలా. ఎందుకని ఎవర్నడిగినా తల దించుకున్నారే గాని పలకలేదు. ఇంటి దేవతలు కొత్త మనిషిని గుర్తుపట్టడానికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుందని నేను రాశాను. గుమ్మం దగ్గర సంచి అంటే, ఆ మనిషి ఇంకా లోపలిదీ కాదు బయటిదీ కాదు అన్న గుర్తు అని దాని మీదే నాలుగు పేజీలు రాశాను. ఆ అధ్యాయమే నన్ను ప్రొఫెసర్ని చేసింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఏటా మొదటి క్లాసులో చెప్పేది అదే.

ఆ ఇంటామె మనవరాలే ఇప్పుడు నా దగ్గర పరిశోధన చేస్తోంది. పై ఊరి నుంచి యూనివర్సిటీకి వచ్చిన మొదటి పిల్ల. అచ్చుప్రతులు దానికిచ్చి చదవమన్నాను. మూడు వారాలయింది, మూడో అధ్యాయం మాత్రం వెనక్కివ్వలేదు. అడిగితే "చూస్తున్నాను మేడం" అంటుంది. పై ఊరివాళ్ళు తల దించుకోవడం నాకు బాగా తెలుసు, అయినా ఎందుకో అర్థం కావడం లేదు.

అంకితం సంగతి రాయి.

మీ అక్క


మార్చి 9

అక్కా,

అంకితమా? నువ్వు నీ పుస్తకం ఎవరికిచ్చుకుంటే నాకేమిటి? ఇంత చదువు చదివావు, ఊళ్ళోవాళ్ళ మనసులన్నీ పుస్తకాలకెక్కించావు, సొంత చెల్లెలికి దేనికి కోపమొచ్చిందో కనుక్కోలేకపోయావు. సరే, నేనే చెప్తాను. ముప్పై ఒక్క ఏళ్ళు నోరు మూసుకున్నది చాలు.

అమ్మ పోయిన రోజు పొద్దున పదకొండింటికి నేను పోస్టాఫీసుకి పరిగెత్తి, నీ కొండ కింద రోడ్డు పనుల ఆఫీసుకి ఫోను చేశాను. ఓవర్సియరు ఎత్తాడు. "మా కూలీ ఒకతను ఉప్పు మోసుకుని పైకి వెళ్తున్నాడమ్మా, చెప్పిస్తాను" అన్నాడు. నేను ఎదురుచూశాను. మూడో రోజు మళ్ళీ ఫోను చేశాను. ఆయన మాటలు నాకు పొల్లు పోకుండా గుర్తున్నాయి. "మాట చేరిందమ్మా. ఆ ఇంట్లో చెప్పే వచ్చాడు. చెల్లెలే రావాలట. చెల్లెల్ని పైకి రమ్మన్నారు."

చెల్లెల్ని రమ్మన్నావా! అమ్మ ఆసుపత్రిలో చల్లటి గదిలో ఉంది. వాళ్ళు ఇంక ఉంచలేమంటున్నారు. నాకప్పటికి పెళ్ళి కాలేదు, ఇంట్లో రెండో మనిషి లేదు. నేను వచ్చి కొండెక్కి నిన్ను బతిమాలి దింపుకురావాలా? నాలుగో రోజు అన్నీ నేనొక్కదాన్నే చేశాను. కొట్టుకి వచ్చే మనుషులే సాయం పట్టారు.

నువ్వు నలభై రోజులకి వచ్చావు. ఎండకి నల్లబడి, చంకలో నోటుపుస్తకాలు పెట్టుకుని. "నాకెవరూ చెప్పలేదు" అన్నావు. ఆ ఒక్క అబద్ధం చెప్పకుండా, "రాలేకపోయానే, పని వదల్లేకపోయాను" అని ఉంటే, ఆ రోజే ఇద్దరం ఏడ్చి ఊరుకునేవాళ్ళం.

అందుకే గది ఖాళీ లేదు. మెట్లూ లేవు, మోకాళ్ళూ లేవు.

చెల్లెలు


మార్చి 16

చెల్లీ,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు.

నేను కబురు పెట్టలేదు. నిన్ను రమ్మనలేదు. కూలీ నాకేమీ చెప్పలేదు. ఉప్పు తెచ్చే మనిషి అప్పుడప్పుడు రావడం గుర్తుంది గాని, నాతో మాట్లాడినట్టు గుర్తు లేదు. దేవుడి మీద ఒట్టు వేద్దామంటే, ఊరందరి దేవుళ్ళ గురించీ రాశాక ఏ దేవుడి మీద వెయ్యాలో కూడా తెలియడం లేదు. అమ్మ మీద వేస్తున్నాను.

నేనెలా తెలుసుకున్నానో నీకు ఎప్పుడూ చెప్పలేదు, నువ్వూ అడగలేదు. బస్సు దిగి కొట్టు దగ్గరికి వచ్చాను. షట్టరు దించి ఉంది. దాని మీద కాగితం అతికించి ఉంది. వానకి సగం చెరిగింది. ‘కొట్టు యజమానురాలు మరణించినందువల్ల’ అన్నంతవరకూ కనిపిస్తోంది. రెండోసారి చదివాను. యజమానురాలంటే ఎవరా అని కూడా ఒక్క క్షణం ఆలోచించాను. అమ్మని ఎప్పుడూ ఎవరూ అలా అనలేదుగా. అప్పుడు నువ్వు పక్క తలుపు తీసి "వచ్చావా" అన్నావు. అంతే, లోపలికి వెళ్ళిపోయావు.

ఇన్నేళ్ళూ నువ్వు నన్ను అబద్ధాలకోరునని అనుకుంటూ ఏడాదికి రెండు పూటలు కూర్చోబెట్టి అన్నం పెట్టావు. నాకు దుఃఖంగా ఉంది. కోపంగా కూడా ఉంది.

గది మాట మర్చిపో. ఇక్కడే చిన్న ఇల్లు చూసుకుంటాను.

అక్క


మార్చి 28

అక్కా,

ఓవర్సియరుకి నాతో అబద్ధమాడాల్సిన అవసరమేమిటి? వాడికి నువ్వెవరో నేనెవరో కూడా తెలియదు. మాట చేరిందన్నాడు, తిరుగు మాట కూడా తెచ్చాడు. తిరుగు మాట గాల్లోంచి పుట్టదుగా?

నువ్వు అమ్మ మీద ఒట్టేశావు. అది చదివి ఆ పూట కత్తెర పట్టుకోలేకపోయాను. నమ్మాలనే ఉంది. ఎలా నమ్మాలో తెలియడం లేదు.

ఇంక దీని గురించి రాయకు. ఇల్లు దొరికితే చిరునామా పంపు.

చెల్లెలు


ఏప్రిల్ 20

చెల్లీ,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. చింపెయ్యాలనుకుంటే చివరిదాకా చదివి చింపెయ్యి.

నిన్న మధ్యాహ్నం పై ఊరి పిల్ల నా గదికి వచ్చింది. మూడో అధ్యాయం బల్ల మీద పెట్టి నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "మేడం, మా ఊళ్ళో కొత్త మనిషి కోసం మౌనం పాటించే ఆచారం లేదు" అంది. నేను నవ్వాను. నా కళ్ళతో చూశానే, తొమ్మిది రోజులు, ఫోటోలున్నాయి, అన్నాను. చూడు ఎంత పొగరో.

ఆ పిల్ల మెల్లగా చెప్పింది. వాళ్ళలో చావు కబురు సొంత రక్తం ఉన్న మనిషే స్వయంగా వచ్చి, నోటితో చెప్పాలట. పరాయివాళ్ళు చెప్తే ఆ చావు రెండుసార్లు జరిగినట్టట. ఎవరికైనా అలాంటి కబురు ఉండి, వాళ్ళకది ఇంకా తెలియకపోతే, చెప్పే మనిషి వచ్చేదాకా చుట్టూ ఉన్నవాళ్ళు వాళ్ళ ముందు పాడరు, నవ్వరు, అక్కర్లేని మాట మాట్లాడరు. తల దువ్వుతారు. మొదటి గిన్నె పెడతారు. ఎందుకని అడిగినా చెప్పరు, చెప్తే కబురు చెప్పేసినట్టే కదా. మనిషి రాకపోతే, ఊరంతా అలా ఉండేది తొమ్మిది రోజులేనట.

"మీకేదో చెడ్డ కబురు వచ్చిందని అప్పుడు మా ఊరంతటికీ తెలుసట మేడం. కబురేమిటో నేను చెప్పకూడదు. ఉప్పు తెచ్చే మనిషి మా అమ్మమ్మకి చెప్పాడట. మీకు చెల్లెలుందని మా అమ్మమ్మకి తెలుసు. అందుకని చెల్లెల్ని రమ్మనమని అతనితోనే కబురంపిందట" అంది.

చెల్లీ, నీ తిరుగు మాట పుట్టింది అక్కడ. నిన్ను రమ్మన్నది నేను కాదు. నాకు చెప్పడానికి మనిషి కావాలని ఇంటామె రమ్మంది.

నువ్వు రాకపోయేసరికి నన్నే నీ దగ్గరికి పంపాలని చూశారట. రోజూ పొద్దున్నే నా సంచి సర్ది గుమ్మం దగ్గర పెట్టింది అందుకు. వెళ్ళు తల్లీ, మీ ఇంటికి వెళ్ళు అని చెప్పలేక. ఆరో రోజున ఊరివాళ్ళు పదిమంది నన్ను వెంటబెట్టుకుని కింద వంతెన దాకా నడిపించారు. అది పొలిమేర పూజ అనుకున్నాను. కెమెరాలో ఫిల్మ్ అయిపోయిందని, కొత్తది వేసుకుని "ఇంకొక్కసారి నడుస్తారా" అని అడిగాను. పాపం వాళ్ళు నా కోసం మళ్ళీ వెనక్కి వచ్చి మళ్ళీ నడిచారు. ఆ ఫోటో పుస్తకంలో తొంభై ఆరో పేజీ. వెళ్ళి చూడు. అందరూ దిగులుగా ఉన్నారు. కింద నేను ‘భక్తిశ్రద్ధలతో’ అని రాశాను.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు చూడు, అది నేనే. అమ్మ పోయిందని పరాయి ఊరు ఊరంతా మాట మానేసి కూర్చుంటే, నేను వాళ్ళ మధ్య చాప మీద కూర్చుని పెన్సిలు చెక్కుకుంటూ అదంతా రాసుకున్నాను. అమ్మ చావు మీద ప్రొఫెసరునయ్యాను. ఏటా కొత్త పిల్లలకి చెప్పి మెప్పు పొందాను.

ఆ పిల్ల వెళ్ళాక తలుపు గడియ పెట్టుకుని ఏడ్చాను. అటెండరు రెండుసార్లు తట్టి వెళ్ళిపోయాడు.

గది కోసం ఇది రాయడం లేదు. నేను అబద్ధం చెప్పలేదని, ఓవర్సియరు కూడా చెప్పలేదని నీకు తెలియాలని రాస్తున్నాను. నమ్మితే ఒక్క ముక్క రాయి.

మీ అక్క


మే 11

చెల్లీ,

మూడు వారాలయింది. నీ దగ్గర్నుంచి ముక్క లేదు. నమ్మలేదని అనుకుంటున్నాను. నమ్మడం కష్టమే, ఇలాంటి కథ నా విద్యార్థి ఎవరైనా రాసుకొస్తే ఆధారాలేవని నేనే అడిగేదాన్ని.

అందుకని ఆధారం వెతికాను. నాకు చేతనైన పని అదొక్కటే. పుస్తకాల అట్టపెట్టెలు విప్పి క్యాసెట్లన్నీ తారీఖు వరసలో పెట్టాను. మొదటి పద్దెనిమిది నెలల్లో ఇంటామె పాటలు నలభై మూడు ఉన్నాయి. మంచి గొంతు. పాడుతూ మధ్యలో నన్ను ఆటపట్టించేది. ఆ తొమ్మిది రోజుల తరువాతి క్యాసెట్లలో ఆమె గొంతు లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇంటికి వచ్చి మళ్ళీ పైకి వెళ్ళి, ఇంకో ఏడాది వాళ్ళింట్లోనే ఉన్నాను. ఎన్నిసార్లడిగినా గొంతు బాగోలేదనేది. ముసలితనమేమోలే అని నోటుపుస్తకంలో రాసుకున్నాను.

ఆ పిల్లని పిలిచి అడిగాను. వాళ్ళమ్మకి ఫోను చేసి కనుక్కుని వచ్చి చెప్పింది. నేను మళ్ళీ పైకి వెళ్ళినప్పుడు ఇంటామె నన్ను, "మీవాళ్ళు చెప్పారా?" అని అడిగిందట. "ఎవరూ చెప్పలేదు, తలుపు మీద కాగితం చూసి తెలుసుకున్నాను" అన్నానట. నాకది గుర్తే లేదు. ఆమె అప్పట్నుంచి నా ముందు పాడలేదు. "ఎవరూ నోటితో చెప్పలేదు కదా మేడం, మా అమ్మమ్మకి ఆ మౌనం ఇంకా అవలేదు" అంది ఆ పిల్ల. ఇంటామె పోయి పదేళ్ళయింది. చివరిదాకా "ఆ పిల్లకి ఎవరైనా చెప్పారో లేదో" అనేదట.

కొత్త ముందుమాట రాశాను. మూడో అధ్యాయం తప్పని, ఎందుకు తప్పో, ఉన్నదున్నట్టు రాశాను. ప్రచురణకర్త ఫోను చేసి, "ఎవరికి తెలుస్తుంది మేడం, రిటైరయ్యే ముందు ఎందుకు?" అన్నాడు. మా విభాగంలో ఒకాయన నన్ను చూసి వరండాలో దారి మార్చుకున్నాడు. మార్చుకోనీ. ముందుమాట పక్కన ఆ పిల్ల కూడా తన మాటగా రెండు పేజీలు రాస్తోంది.

ఇల్లు దొరికింది. ఒకటే గది, కింది అంతస్తు, మెట్లు లేవు. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు. జూన్ నెలాఖరుకి మారతాను. చిరునామా కింద రాశాను. అదివరకులాగే ఏడాదికోసారి వస్తాను, నీకు అభ్యంతరం లేకపోతే.

ఆదివారాలు ఇప్పుడు ఇంటామె పాటలు పెట్టుకుని వింటున్నాను. అమ్మ గొంతు మాత్రం ఏ క్యాసెట్టులోనూ లేదు. మన అమ్మ గొంతు రికార్డు చేసుకోవాలని నాకు తట్టనే లేదు.

మీ అక్క


మే 17

అక్కా,

నమ్మాను. చదివిన రోజే నమ్మాను. అందుకే రాయలేకపోయాను. మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. మీ మరిది నా చేతిలో కాగితం లాక్కుని చదివి, "ఇక్కడ కూర్చుని రాస్తున్నావేమిటి?" అని నన్ను తిట్టారు. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆయన నన్ను తిట్టడం ఇది మొదటిసారి.

నేనొకటి చెప్పాలి. నువ్వు ఆ రోజు షట్టరు ముందు నిలబడి కాగితం చదువుతుంటే నేను మేడ మీద కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. నువ్వు రెండోసారి చదవడం చూశాను. సంచి నీ చేతిలోంచి జారి కింద పడింది, నువ్వు తీసుకోలేదు. అదంతా చూసి, ఆహా ఏం నటిస్తోంది అనుకున్నాను. అన్నీ తెలిసి నటిస్తోందని. అందుకే దిగొచ్చి "వచ్చావా" అన్నాను, ఇంకో మాట అనలేదు. అమ్మ పోయిందే అక్కా అని నీకు నేను చెప్పలేదు. ఇంటి మనిషిని నేనొక్కదాన్నే ఉన్నాను, నేనే చెప్పలేదు. ఎవరో కొండ మీది ముసలామె, నీకు ఏమీ కాని మనిషి, నేను వచ్చి చెప్తానని కాచుకుని కూర్చుంది. నేను వెళ్ళలేదు. ఆ కబురు నాకు తిట్టులా వినపడింది.

అమ్మ ఎలా పోయిందో నీకు తెలియదు. ఆ పొద్దున ఏం కుడుతోందో, ఎవరి మీద విసుక్కుందో, నన్నేం తెమ్మందో, నీ గురించి ఏమందో. ఏమందో అంటే, ఆఖరికి నీ గురించే అంది. అదంతా నా దగ్గరే ఉంది. మీ మరిదికి కూడా చెప్పలేదు. ఆయన అమ్మని చూడలేదు, చెప్తే ఏం అర్థమవుతుంది? చెప్పడానికి నాకు నువ్వు తప్ప ఎవరున్నారే? నీ మీద కోపంతో నోరు కట్టేసుకుని, నేనూ ఒక్కదాన్నే మోశాను.

ఆ ఇంటికి అడ్వాన్సు ఇవ్వకు. నిన్నటి నుంచి మీ మరిది మేడ మీద కోట్లన్నీ కిందకి మోస్తున్నారు. పెళ్ళికొడుకు కోటు ఆయనకే సరిపోయింది, వేసుకుని తిరుగుతున్నారు. గోడలకి రంగు ఏది వేయించాలో నువ్వు వచ్చాక చెప్పు.

కానీ ముందు నువ్వు రావద్దు. నేను వస్తున్నాను. రమ్మన్నారు కదా, వస్తున్నాను. బుధవారం కొట్టు మూసి రైలెక్కుతాను. ఈసారి షట్టరు మీద కాగితం పెట్టను, కొట్టుకి వచ్చేవాళ్ళకి మనిషి మనిషికీ నేనే చెప్తాను. గురువారం పదకొండింటికి నీ ఫ్లాటులో ఉంటాను. స్టేషనుకి రాకు, నేను నీకు ఎదురుపడేది అక్కడ కాకూడదు. ఇంట్లోనే కూర్చో. పెన్నూ పుస్తకం దగ్గర పెట్టుకోకు. తల దువ్వుకోకు, దువ్వెన నేను తెస్తాను.

తలుపు నేనే కొడతాను. ఉత్తరంలో రాసింది లెక్క కాదు. నేను లోపలికి వచ్చి, నోరు తెరిచి చెప్పేదాకా ఏడవకు.

నీ చెల్లెలు